‘అనివార్య కారణాల’ ఉత్తరాలు రాసినవాడి మాట

సంపాదకుల గారికి,

నమస్కారం.

ఏ వంతెనో, ఆసుపత్రి భవనమో, సొరంగ మార్గమో అనుకున్న గడువుకు పూర్తికాలేదన్న వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక మాట దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది: ‘అనివార్య కారణాల వల్ల’. ఈ మాట పత్రికలు పుట్టించింది కాదని నాకు తెలుసు. నిర్మాణ సంస్థలు, వాటికి పని అప్పగించినవారు పంపే ప్రకటనల్లో అది ముందే ఉంటుంది. ఆ ప్రకటనల కంటే ముందు, గడువు పొడిగించమని కోరుతూ రాసే ఉత్తరాల్లో ఉంటుంది. ఆ ఉత్తరాలు రాయడం ముప్పై ఏళ్లకు పైగా నా ఉద్యోగంలో భాగం. ఏ పని ఏ క్రమంలో, ఎప్పటికి జరగాలో లెక్కవేసే ప్లానింగ్ ఇంజినీరుగా పనిచేసిన ఆ కాలంలో ఈ మాటను నా చేత్తో ఎన్నిసార్లు రాశానో నేను లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు నా ఉత్తరం కింద సంతకం పెట్టాల్సిన పై అధికారి ఎవరూ లేరు కనుక, ఆ మాటలో నిజమెంతో రాయాలనిపించింది.

భూకంపం అనివార్యం. యుద్ధం, ఎన్నడూ ఎరుగని వరద అనివార్యం. కాంట్రాక్టు పత్రాల్లో వాటికి వేరే నిబంధన ఉంటుంది, దానితో ఎవరికీ పేచీ లేదు. కానీ నేను రాసిన ఉత్తరాల్లో అత్యధిక భాగానికి అసలు కారణాలు వేరు. డ్రాయింగులు సమయానికి చేతికి రాకపోవడం, పునాది కింది మట్టి అనుకున్నట్టు లేకపోవడం, గోడలు లేచాక గదుల అమరిక మార్చమనడం, చేసిన పనికి బిల్లులు నెలల తరబడి ఆగిపోవడం, తయారీకే ఏడాది పట్టే యంత్రాలకు ఆరు నెలల ముందు ఆర్డరు ఇవ్వడం. వీటిలో ఏ ఒక్కటీ ఈ రంగంలో నాలుగేళ్లు పనిచేసిన మనిషికి కొత్త కాదు. మబ్బు పట్టి ఉండగా గొడుగు లేకుండా బయలుదేరినవాడు తడిసి ఇల్లు చేరి, వాన తన చేతుల్లో లేదంటే ఒప్పుకోవచ్చు; తడవడం కూడా తన చేతుల్లో లేదంటే ఎలా ఒప్పుకోవడం?

నా అనుభవంలో జాప్యం పని చివర్లో పుట్టదు. ఒక్క తేదీని, ఒక్క ఖర్చు అంకెను ప్రకటించిన రోజునే పుడుతుంది. ఆ తేదీకి అడ్డుపడగల ప్రమాదాలేమిటో, ఒక్కోదానికి జవాబుదారీ ఎవరో, అది నిజంగా వచ్చిపడితే డబ్బు ఎక్కడి నుంచి తీయాలో ముందుగా రాసి పెట్టుకోకపోవడం వల్ల పెరుగుతుంది. చివర్లో అది బయటపడుతుంది, అంతే.

ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ సిడ్నీ ఆపెరా హౌస్. 1957లో డిజైన్ పోటీలో డెన్మార్క్‌కు చెందిన ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ గెలిచారు. 1959 మార్చిలో పని మొదలైంది. అప్పటి అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, పూర్తికావలసింది 1963 జనవరికి. భవనాన్ని ప్రారంభించింది 1973 అక్టోబరులో, అయిన ఖర్చు 10 కోట్ల 20 లక్షల డాలర్లు. ఇంత తేడా ఎక్కడ వచ్చిందని చూస్తే, తెరచాపల్లా కనిపించే ఆ పైకప్పును ఏ ఆకారంలో, ఏ పద్ధతిలో కట్టాలో తేలకముందే కింది వేదిక కట్టడం మొదలుపెట్టడం దగ్గర తేలుతుంది. ఆలస్యమైతే రాజకీయ మద్దతు జారిపోతుందని ప్రభుత్వం తొందరపడింది. పైకప్పు లెక్కలు ఒక కొలిక్కి వచ్చేసరికి, అప్పటికే పోసిన స్తంభాలు ఆ బరువు మోయలేవని తేలి, వాటిని తీసి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే ఖరీదైన రుజువు కనిపించదు. ఖర్చు మీద, డిజైన్ మీద ప్రభుత్వంతో గొడవలు ముదిరి ఉట్జన్ 1966లో తప్పుకున్నారు. లోపలి భాగాలను వేరేవారు పూర్తిచేశారు.

అంత అందమైన కట్టడం ముందు ఆ ఖర్చు ఎవరికి గుర్తుంటుంది, నిజం ముందే చెప్పి ఉంటే అసలు కట్టేవారే కాదు కదా అని నాతో వాదించిన మిత్రులున్నారు. ఈ వాదనలో కొంత ఆకర్షణ ఉందని ఒప్పుకుంటాను. కానీ గీసిన మనిషి ఆ తర్వాత ఆస్ట్రేలియాకు తిరిగి రాలేదు, పూర్తయిన తన కట్టడాన్ని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. ఖర్చులో చాలా భాగం లాటరీ టికెట్ల మీద వచ్చిన డబ్బుతో గట్టెక్కింది. పైగా ఇలా బతికి బట్టకట్టి పేరు తెచ్చుకున్న కట్టడం ఒక్కటుంటే, గడువు దాటి, డబ్బు దాటి, అందమూ లేక మిగిలిపోయిన కట్టడాలు ఎన్నో ఉంటాయి; వాటి ఫొటోలు ఎవరూ క్యాలెండర్ల మీద వేయరు.

ఇది ఒక్క సిడ్నీ కథ కాదు. బెంట్ ఫ్లూబ్యెర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడు, ఆయన సహచరులు 20 దేశాల్లోని 258 రవాణా నిర్మాణాల లెక్కలు తీసి 2002లో ప్రచురించారు. ప్రతి 10 ప్రాజెక్టుల్లో దాదాపు 9 అంచనా దాటాయి. సగటున రైలు మార్గాలు 45 శాతం, వంతెనలు, సొరంగాలు 34 శాతం, రోడ్లు 20 శాతం పెరిగాయి. నన్ను ఈ అంకెల కన్నా ఎక్కువగా కలవరపెట్టింది వారి మరో పరిశీలన: అప్పటికి గడిచిన 70 ఏళ్లలో అంచనాల కచ్చితత్వం ఏమీ మెరుగుపడలేదు. కంప్యూటర్లు వచ్చాయి, సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, ఉపగ్రహాలతో సర్వేలు వచ్చాయి. తప్పు మాత్రం అక్కడే ఉంది. లోపం పరికరాల్లో ఉంటే మెరుగుపడి ఉండేది. పొరపాట్లు నిజంగా పొరపాట్లే అయితే కొన్ని పైకి, కొన్ని కిందికి పోవాలి. దాదాపు అన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయంటే తూకం వేసే చేతినే అనుమానించాలి.

ఆ చేతిలో రెండు రకాల దోషం ఉంటుంది. మొదటిది మనిషి స్వభావం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో దీన్ని వివరించారు. మనం చేయబోయే పనిని లోపలి నుంచి, దశలవారీగా ఊహించుకుంటాం. ఆ ఊహలో అంతా సవ్యంగానే జరుగుతుంది. మనలాంటి పనులే చేసిన మరో పదిమందికి ఎంతకాలం పట్టిందన్నది చూడం. రెండో దోషానికి మర్యాదైన పేరు వెతకడం కష్టం. పని మంజూరు కావాలంటే అంకె చిన్నదిగా ఉండాలని తెలిసి చిన్నదిగా రాయడం అది. మొదటిదానికి మందు ఉంది. కొత్త ప్రాజెక్టు అంచనాను దాని సొంత వివరాలతో పాటు, అలాంటివే పూర్తయిన ప్రాజెక్టుల అసలు ఖర్చులతో, అసలు కాలంతో సరిచూడాలి. బ్రిటన్ ఆర్థిక శాఖ మార్గదర్శకాలు ప్రభుత్వ ప్రాజెక్టుల అంచనాలకు ఈ అత్యాశ మేరకు కొంత శాతం కలపాలని చాలాకాలంగా చెబుతున్నాయి. రెండో దోషానికి మందు లెక్కల్లో లేదు, ఆ అంకె రాసినవారి పేరును పదేళ్ల తర్వాత కూడా ఆ అంకె పక్కనే ఉంచడంలో ఉంది.

ఒక్క తేదీ చెప్పడంలో ఉన్న తప్పు చిన్న గుణకారంతో తేలిపోతుంది. ఒక భవనం ప్రారంభం కావాలంటే ఐదు పనులు పూర్తికావాలనుకుందాం: లిఫ్టులు, విద్యుత్ సరఫరా, అగ్నిమాపక వ్యవస్థ, నీటి కనెక్షను, ముందరి రోడ్డు. ఒక్కొక్కటి సమయానికి అయ్యే అవకాశం నూటికి 80 అని, ఒకదానికొకటి సంబంధం లేదని అనుకుందాం. ఐదుగురు ఇంజినీర్లూ సమావేశంలో తమ పని ‘దాదాపు ఖాయం’ అంటారు, ఎవరూ అబద్ధమాడరు. కానీ ఐదూ కలిసి సమయానికి అయ్యే అవకాశం 0.8ను ఐదుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే నూటికి 33 కూడా లేదు. ఐదుగురు నిజాయితీపరులు కలిసి ఒక అబద్ధపు తేదీ ఇవ్వగలరు. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతిలో ప్రతి పనికీ మూడు కాలాలు అడిగేవారు: అంతా కలిసొస్తే ఎన్నాళ్లు, మామూలుగా ఎన్నాళ్లు, అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు. ఇప్పుడు మనం రంగురంగుల బార్ చార్టుల్లో ఒక్కో పనికి ఒక్కటే కాలం నింపుతున్నాం. తాతలు అడిగిన మూడు ప్రశ్నల్లో రెండు మరిచిపోయి, మిగిలిన ఒక్కదాన్ని తెర మీద అందంగా చూపించుకుంటున్నాం.

ఇక నేను కళ్లారా చూసింది. ఒక ఏడంతస్తుల కార్యాలయ భవనానికి మట్టి పరీక్ష కోసం ఆరు బోర్లు వేయాలని మా డిజైన్ విభాగం అడిగింది. యజమాని పక్షం మూడింటితో సరిపెట్టమంది. ఆ మూడూ స్థలం అంచుల్లోనే వేశారు, ఎందుకంటే మధ్యలో ఇంకా పాత గోదాము కూల్చలేదు. నివేదిక చక్కగా వచ్చింది, 18 మీటర్ల లోతున గట్టి నేల తగులుతుందని. గోదాము కూల్చి, పునాది స్తంభాల (పైల్స్) కోసం నేలను తవ్వే పైలింగ్ యంత్రం మధ్యకు వచ్చి తవ్వడం మొదలుపెట్టిన మూడో రోజు, 18 మీటర్ల దగ్గర రావాల్సిన రాతి ముక్కలకు బదులు బకెట్‌లో నల్లటి మెత్తటి బురద, అందులో విరిగిన పాత ఇటుకలు వచ్చాయి. ఆపరేటరు యంత్రం ఆపి, ఆ ఇటుక ముక్కను నా చేతిలో పెట్టి, ‘సార్, ఇది దేవుడు చేసిన నేల కాదు’ అన్నాడు. ఎప్పుడో పూడ్చేసిన పెద్ద గొయ్యి అది. డిజైన్ మార్చి, పైల్స్ పొడవు పెంచి, అదనపు స్టీలు తెప్పించి, కొత్త రేట్ల మీద బేరం తెమిలేసరికి పదకొండు వారాలు పోయాయి. వేయకుండా మిగిల్చుకున్న మూడు బోర్ల ఖర్చు, ఆ పైలింగ్ యంత్రం రెండు రోజులు ఊరికే నిలబడిన అద్దెకు కూడా సమానం కాదు. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరంలో ఏ మాట ఉందో చెప్పనక్కర్లేదు.

ఆ పదకొండు వారాల నష్టం ఎవరిదన్న తగవు భవనం పూర్తయ్యాక కూడా నడిచింది. ‘నేల కింద ఏమున్నా కాంట్రాక్టరుదే బాధ్యత’ అని ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. చాలామంది యజమానులు ఇలాంటి వాక్యం రాయించుకుని ప్రమాదం తమ మీద నుంచి పోయిందని ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం పోదు, దాని ధర మాత్రం దాక్కుంటుంది. తెలివైన కాంట్రాక్టరు ఆ ధరను టెండరులోనే కలుపుకుని పోటీలో ఓడిపోతాడు. పని కోసం ఆత్రపడేవాడు కలపకుండా అందరికంటే తక్కువ కోట్ చేసి గెలుస్తాడు, మొదటి గండం రాగానే అదనపు డబ్బు, సమయం కోరే క్లెయిముల ఫైలు తెరుస్తాడు. అది కుదరకపోతే పని నాణ్యతలో కోత వేస్తాడు, అదీ కాకపోతే సైటు వదిలి వెళ్లిపోతాడు. మూడు దారుల్లో ఏది పట్టినా ఆలస్యం యజమానిదే. ఏ ప్రమాదాన్ని ఎవరు బాగా అదుపు చేయగలరో దాన్ని వారి దగ్గరే ఉంచాలన్నది పాత సూత్రం. నేల యజమానిది, దాన్ని ముందుగా పరీక్షించే వ్యవధి కూడా యజమానికే ఉంది. పనివాళ్ల సంఖ్య, సామగ్రి, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్నది కాంట్రాక్టరు చేతిలోవి. వాటి ఆలస్యానికి ఆయన పరిహారం కట్టాల్సిందే.

ఒప్పందాల గురించి మరొక్క మాట. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన ఒప్పంద పత్రాల్లో, అదనపు సమయమో డబ్బో కోరే కాంట్రాక్టరు ఆ సంఘటన తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలని ఉంది. బ్రిటన్‌లో 1993లో వచ్చిన ఎన్ఈసీ ఒప్పందం ఇంకో అడుగు వేసి, ఖర్చునో గడువునో దెబ్బతీయగల విషయం ఏ పక్షం దృష్టికి వచ్చినా రెండో పక్షాన్ని ముందే హెచ్చరించాలంది. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి హెచ్చరికను సాయంగా తీసుకున్న యజమానిని ఒకరిద్దరినే చూశాను. మిగిలినవారికి అది ‘క్లెయిముకు పునాది వేస్తున్నాడు’ అన్న సంకేతం. దాంతో కాంట్రాక్టరు మనుషులు నోరు మూసుకుంటారు, గడువు దగ్గరపడ్డాక ఒకేసారి సంచి విప్పుతారు.

ప్రమాదానికి పేరున్న బాధ్యుడు లేకపోతే ఏమవుతుందో ఒక లిఫ్టు నాకు నేర్పింది. లిఫ్టులు ఆర్డరు ఇచ్చాక తయారై రావడానికి నెలలు పడుతుంది. తయారీదారు పంపిన డ్రాయింగు మీద ఆమోదం పడితే తప్ప వాళ్లు ఇనుము కొయ్యరు. రాగల ప్రమాదాలను రాసిపెట్టుకునే మా రిస్క్ రిజిస్టరులో ‘లిఫ్టు డ్రాయింగుల ఆమోదం ఆలస్యం కావచ్చు’ అని స్పష్టంగా రాసి ఉంది. దాని ఎదురుగా బాధ్యులు అన్న గడిలో ‘ప్రాజెక్టు బృందం’ అని ఉంది. ప్రతి నెలా ఆ రిజిస్టరు చదివాం, తలలూపాం. డ్రాయింగులు పంపిన ఏడో వారంలో, ఇంకేదో కాగితం వెతుకుతుంటే, ఆర్కిటెక్టు గదిలో బీరువా మీద, రబ్బరు బ్యాండు కూడా తీయని డ్రాయింగుల చుట్ట దొరికింది. దాని మీద ‘ఆమోదం కోసం’ అన్న ముద్ర, ముద్ర మీద దుమ్ము. తలుపు ఫ్రేము రంగు యజమాని చెప్పాలని ఆర్కిటెక్టు అనుకున్నారు. కొలతలు ఆర్కిటెక్టు చూశాకే తమ దగ్గరకు వస్తుందని యజమాని పక్షం అనుకుంది. పంపాం కదా అని మేము అనుకున్నాం. తిలా పాపం తలా పిడికెడు. గడిలో ‘బృందం’ అని కాకుండా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండి ఉంటే ఆ చుట్ట ఏడు రోజులు కూడా బీరువా మీద ఉండేది కాదు.

ఆలస్యానికీ ఖర్చుకూ ఉన్న ముడి సామాన్య పాఠకులకు సరిగా చేరడం లేదనుకుంటాను. ధరలు పెరిగాయి కనుక ఖర్చు పెరిగిందని వార్తల్లో చదువుతాం. అది కొంతవరకే. ఒక పెద్ద సైటులో ఒక్క ఇటుక పేర్చని రోజున కూడా టవర్ క్రేను అద్దె నడుస్తుంది, జనరేటరు నడుస్తుంది, కాపలా నడుస్తుంది, ఇంజినీర్ల జీతాలు నడుస్తాయి, బ్యాంకు వడ్డీ అన్నిటికంటే క్రమం తప్పకుండా నడుస్తుంది. పోయిన కాలాన్ని తిరిగి పట్టుకోవాలని రెండో షిఫ్టు పెడితే ఖర్చు ఇంకోలా పెరుగుతుంది. ఇరవై మంది పనిచేయగల అంతస్తులో నలభై మందిని దింపితే పని రెట్టింపు కాదు. ప్లాస్టరింగ్ వాళ్లు వైరింగ్ వాళ్లకు అడ్డం, వైరింగ్ వాళ్లు పైపుల వాళ్లకు అడ్డం, నిచ్చెన కోసం కొట్లాట. రాత్రి అలసటలో వేసిన పనిని పగలు పగలగొట్టి మళ్లీ చేస్తారు. ఇక కాంక్రీటును ఎవరూ బెదిరించలేరు. దాని బలాన్ని 28వ రోజు, నమూనాగా పోసిన క్యూబు పగలగొట్టి కొలవాలంటే 28 రోజులు ఆగాల్సిందే.

మధ్యలో కోరే మార్పులది మరో గొడవ. కాగితం మీద గోడను జరపడానికి అయ్యే ఖర్చు రబ్బరు ఖర్చే. అదే గోడ కట్టాక జరిపితే కూల్చిన ఇటుకతో ఆగదు, అందులోని వైర్ల గొట్టం (కండ్యూట్), దాని వెనక ఏసీ డక్టు, దాని కింద అప్పటికే వేసిన టైల్స్ అన్నీ కదులుతాయి. మార్పులు వద్దని నేననను, కట్టించుకునేవారికి ఆ హక్కు ఉంది. ప్రతి మార్పుకూ ఎన్ని రోజులు, ఎంత డబ్బు అన్నది రాసి, సంతకమయ్యాకే పనివాడి చేతికి ఇవ్వాలంటాను. ‘ముందు చేసేయండి, తర్వాత చూద్దాం’ అన్న మాట నేను విన్నన్ని సార్లు మరే మాటా వినలేదు. ఆ ‘తర్వాత’ సాధారణంగా మధ్యవర్తుల ముందు వస్తుంది.

అన్నిటికంటే మోసకారి శాతం. ‘పనులు 90 శాతం పూర్తి’ అన్న వాక్యం చదివితే ఇంకొన్ని రోజుల్లో తలుపులు తెరుస్తారని ఎవరైనా అనుకుంటారు. ఆ శాతం తరచుగా ఖర్చయిన డబ్బు మీద లెక్కవేసినది. డబ్బులో పెద్ద భాగం కాంక్రీటు, స్టీలు, గోడల్లో ముందే ఖర్చయిపోతుంది. మిగిలిన పది శాతంలో వ్యవస్థలన్నిటినీ కలిపి నడిపించి చూడటం, పరీక్షించడం, అనుమతులు తెచ్చుకోవడం ఉంటాయి. డబ్బు తక్కువే, కాలం మాత్రం ఎంతైనా మింగగలదు. ముందు దశలన్నీ తమ ఆలస్యాన్ని తోసేది కూడా ఈ దశ మీదికే.

బెర్లిన్ కొత్త విమానాశ్రయాన్ని 2012 జూన్ 3న ప్రారంభిస్తామన్నారు. ఆహ్వానాలు వెళ్లిపోయాయి, పాత విమానాశ్రయం నుంచి సామాను తరలించే ఏర్పాట్లు జరిగాయి. నెల కూడా లేదనగా, మే 8న, వాయిదా ప్రకటించారు. అగ్నిప్రమాదం జరిగితే పొగను బయటికి లాగే వ్యవస్థ పనిచేస్తుందని రుజువు కాలేదు. పొగను పైకి వదలకుండా కిందికి లాగి పంపే క్లిష్టమైన డిజైన్ అది. పైగా కడుతుండగానే టెర్మినల్‌ను పెంచుతూ, మారుస్తూ పోయారు. ఆటోమేటిక్‌గా పనిచేయని తలుపుల దగ్గర మనుషులను నిలబెట్టి గట్టెక్కుదామన్న ఆలోచన కూడా సాగింది. చివరికి ఆ విమానాశ్రయం తెరుచుకున్నది 2020 అక్టోబరు 31న. చూసేవారికి ఎనిమిదేళ్ల పాటు అది ‘దాదాపు పూర్తయిన’ భవనమే. లండన్‌లోని ఎలిజబెత్ లైను అనే రైలు మార్గంలో సొరంగాలు తవ్వడం 2015కే ముగిసింది. 2018 డిసెంబరులో రైళ్లు నడుస్తాయని చెబుతూ వచ్చి, అదే సంవత్సరం ఆగస్టు చివర్లో కుదరదన్నారు. మొదటి ప్రయాణికుడు ఎక్కింది 2022 మే 24న. నేలను తవ్వడం అయ్యింది, సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్లు, స్టేషన్లలోని వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడమే ఆలస్యమైంది. డెన్వర్ విమానాశ్రయంలో రన్‌వేలు సిద్ధంగా ఉన్నా, సామాను దానంతటదే చేరవేసే కొత్త వ్యవస్థ పెట్టెలను చించుతూ, పడేస్తూ ఉండటంతో 1993 అక్టోబరు ప్రారంభం 1995 ఫిబ్రవరికి జరిగింది. ఆ వ్యవస్థను 2005లో పూర్తిగా వదిలేశారు.

ఈ మూడు చోట్లా కింది స్థాయిలో పనిచేసేవారికి సంగతి ముందే తెలియకుండా ఉంటుందని నేను నమ్మలేను. మా వారపు సమావేశాల్లో జరిగేది గుర్తు తెచ్చుకుంటే చాలు. సైటు ఇంజినీరు ‘ఇది కుదరదు’ అంటాడు. ఆయన పై అధికారి నివేదికలో ‘కష్టసాధ్యం’ అని రాస్తాడు. ఆపై వారు దాన్ని ‘సవాలుతో కూడుకున్నది’ చేస్తారు. మంత్రి గారి బల్ల మీదికో, డైరెక్టర్ల బల్ల మీదికో చేరేసరికి అది ‘ముమ్మరంగా సాగుతోంది’ అవుతుంది. చెడు వార్త చెప్పినవాడిని మందలించే చోట ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు కొన్నా అందులోకి వెళ్లేది మంచి వార్తే.

అత్యవసరాల కోసం పక్కన పెట్టే డబ్బు గురించి కూడా అపోహలున్నాయి. కంటింజెన్సీ అంటే దుబారాకు దారి అని ఆడిటర్లు కొట్టేస్తారు. కొట్టేస్తే అది మాయం కాదు. ప్రతి విభాగమూ తన అంచనాలో కాస్త కాస్త దాచుకుంటుంది. అలా దాచుకున్నది ఎవరికీ కనబడదు, తిరిగి కూడా రాదు. అదే మొత్తాన్ని బయటపెట్టి, ఒకే చోట, ఒకే అధికారి సంతకం కింద ఉంచి, ఏ ప్రమాదం కోసం ఎంత తీశామో నెలనెలా రాస్తే, పని సగమైనప్పుడు ఆ నిధిలో ఎంత మిగిలిందన్నది చూసి ప్రాజెక్టు ఆరోగ్యం చెప్పవచ్చు. సగం పనికి ముప్పావు వంతు ఖర్చయిపోతే, ఇంకే నివేదికా చదవనక్కర్లేదు. రోజుల విషయంలోనూ ఇంతే. ప్రతి పనికీ నాలుగు రోజులు అదనంగా కలిపితే ఆ నాలుగు రోజులూ తినేసేదాకా పని సాగుతుంది.

ఇవన్నీ చదివి, పెద్ద పనులు సమయానికి కావడం అసాధ్యమేమో అనుకోవద్దు. 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం 1930 మార్చి 17న మొదలై 1931 మే 1న ప్రారంభమైంది, అంచనాలోపే. ఆర్థిక మాంద్యం వల్ల కూలీ, సామగ్రి చౌకగా దొరికిన మాట నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ కాంట్రాక్టరు మొదటి నుంచీ ఆర్కిటెక్టుతో కలిసి కూర్చున్నాడు. చాలా అంతస్తులు ఒకేలా ఉండేట్టు గీశారు. సామగ్రిని మోయించే బదులు ప్రతి అంతస్తులో చిన్న పట్టాలు పరిచి బండ్ల మీద చేరవేశారు. ఆకారం సాదాగా ఉంది కనుక సాధ్యమైందంటారా, స్పెయిన్‌లోని బిల్బావోలో ఫ్రాంక్ గెరీ గీసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఉంది. ఎటు చూసినా వంకరలే కొట్టొచ్చినట్టు కనిపించే ఆ భవనం 1997లో సమయానికి, బడ్జెట్‌లోనే పూర్తయింది. విమానాల డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేరులో ప్రతి వంపునూ ముందుగా లెక్కగట్టి, ఆ తర్వాతే లోహాన్ని వంచారు. రెండు చోట్లా పని ఎలా సాగాలో ముందుగా ఆలోచించుకున్నారు.

పత్రికగా మీరు చేయగలిగింది ఒకటి ఉంది, దాని కోసమే ఇంత రాశాను. శంకుస్థాపన వార్త రాసేటప్పుడు తేదీతో పాటు, ఆ తేదీ మీద ఎంత నమ్మకమో, డిజైన్ ఎంతవరకు పూర్తయిందో, ఇలాంటివే ఇంతకుముందు కట్టినప్పుడు ఎంతకాలం పట్టిందో మీ విలేకరులు అడగాలి. జవాబు రాకపోతే రాలేదని రాయాలి. ఇంతకంటే ముఖ్యమైనది, ఆ ప్రాజెక్టు గురించి తర్వాత వేసే ప్రతి వార్తలోనూ మొదట ప్రకటించిన తేదీని, మొదట ప్రకటించిన అంకెను అచ్చువేయండి. సవరించిన గడువుతో పోల్చి ‘రెండు నెలలే ఆలస్యం’ అంటే నమ్మకండి. ఎందుకంటే సవరణ ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఆ ఏడంతస్తుల భవనానికి పైలింగ్ సంగతి తేలిన రాత్రి, మా కార్యాలయం గోడ మీద ఎర్రగీతలతో నిండిపోయిన చార్టు స్థానంలో, కొత్త తేదీలు వేసి అంతా పచ్చగా ఉన్న చార్టు పెట్టమని నాకు ఆదేశం వచ్చింది. పెట్టాను. తెల్లారేసరికి ప్రాజెక్టులో ఆలస్యమన్నదే లేదు. పాతదాన్ని మాత్రం ఊడదీయలేదు, దాని మీదే కొత్తది అతికించాను. రెండు కాగితాల కొలతల్లో తేడా ఉండటంతో, కింది అంచున అర అంగుళం మేర ఎర్రగీతలు భవనం పూర్తయ్యేదాకా కనిపిస్తూనే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్లానింగ్ ఇంజినీరు